కాన్పులో దెబ్బతిన్న బిడ్డ కేసు: లాయర్ కంటే ముందు కేస్ షీట్ చదివే డాక్టర్ని వెతికాం

కాన్పు సమయంలో బిడ్డ మెదడు దెబ్బతిందన్న అనుమానంతో మా దగ్గరికి వచ్చే కుటుంబాలు దాదాపు అన్నీ ఒకే మాట అడుగుతాయి: "మంచి లాయర్ ఎవరైనా ఉంటే చెప్పండి." నేను వెంటనే పేరు చెప్పను. ఎందుకు చెప్పనో వివరించడానికి ఈ ఒక్క కేసు చాలు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్ళు, ఆసుపత్రులు, తేదీలు, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. జరిగిన క్రమాన్నీ, ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఆ కారణాలనీ ఉన్నదున్నట్టు ఉంచాను.

నేను లాయర్ని కాను. చాలాకాలం ఆసుపత్రుల్లో మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు కోస్తా ఆంధ్రలో ఒక వినియోగదారుల సంఘం తరఫున, వైద్యంలో నష్టపోయిన కుటుంబాలకు కాగితాలు సమకూర్చుకోవడంలోనూ సరైన చోటికి చేరడంలోనూ సాయం చేస్తుంటాను.

నేపథ్యం

తల్లి వయసు ఇరవైల్లో. మొదటి కాన్పు. ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వెళ్ళింది. అక్కడి పట్టణంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చూపించుకుంది. అత్తవారిల్లు వేరే జిల్లా. ఈ రెండు జిల్లాల సంగతి తర్వాత మాకు చాలా ఉపయోగపడింది.

గర్భంతో ఉన్నన్నాళ్ళూ బీపీ లేదు, షుగర్ లేదు, స్కాన్‌లన్నీ బాగానే ఉన్నాయి. నెలలు నిండాక నొప్పులు మొదలై సాయంత్రం ఆసుపత్రిలో చేరింది. రాత్రి, నొప్పులు సరిగా రావడం లేదని సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించారు. తెల్లవారుజామున ఉమ్మనీరు పచ్చగా వచ్చింది (బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని, ఇబ్బందిలో ఉండవచ్చని దాని అర్థం). ఆ తర్వాత చాలాసేపటికి మామూలు కాన్పే అయింది. బిడ్డ ఏడవలేదు. కొన్ని గంటల్లో మరో నగరంలోని పిల్లల ఆసుపత్రికి తరలించారు. మొదటి రోజే ఫిట్స్ వచ్చాయి. ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నుంచి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో "బర్త్ ఆస్ఫిక్సియా, హెచ్‌ఐఈ స్టేజ్ 2" అని రాశారు. పుట్టే వేళ రక్తం, ఆక్సిజన్ సరిగా అందక మెదడు దెబ్బతిందని దాని అర్థం. ఇంట్లోవాళ్ళకు మాత్రం కాన్పు చేసిన చోట "బాబు ఉమ్మనీరు తాగేశాడు, అంతే" అన్నారు.

నెలలు గడిచినా మెడ నిలవలేదు. ఏడాది దాటినా కూర్చోలేదు. పిల్లల న్యూరాలజిస్ట్ ఎంఆర్‌ఐ తీయించి సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) అని చెప్పారు. మా దగ్గరికి వచ్చేసరికి బాబుకి ఏడాదిన్నర దాటింది.

వచ్చినప్పుడు వాళ్ళు ఉన్న పరిస్థితి

చేతిలో రెండు కాగితాలే ఉన్నాయి: ఎన్‌ఐసీయూ డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్‌ఐ రిపోర్టు. కాన్పు జరిగిన ఆసుపత్రి నుంచి కేస్ షీట్ లేదు, బిల్లులు సగమే ఉన్నాయి. కానీ అప్పటికే ఒక లాయర్ నోటీసు వెళ్ళిపోయింది. దానికి ఆసుపత్రి జవాబు కూడా వచ్చేసింది.

ఇంకో చిక్కు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కి ఉంది. నష్టం వెంటనే బయటపడని కేసుల్లో, అది తెలిసిన రోజు నుంచి, లేదా శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి గడువు లెక్కించవచ్చని సుప్రీంకోర్టు 2010లో వి.ఎన్. శ్రీఖండే కేసులో చెప్పింది. అయితే అదే కేసులో ఫిర్యాదు చేసినామె ఆలస్యం కారణంగానే ఓడిపోయింది. అందుకని సెరెబ్రల్ పాల్సీ అని తెలిసిన రోజు నుంచి లెక్కిద్దామన్న ఆలోచనను నేను పక్కన పెట్టించాను. బాబు పుట్టినరోజు నుంచే రెండేళ్ళు లెక్కపెట్టుకున్నాం. ఆ వాదన చివరి ఆసరాగా ఉంటే చాలు, కేసంతా దాని మీద నిలబెట్టకూడదు. అంటే మా చేతిలో ఉన్నది కొన్ని నెలలు మాత్రమే.

మా దగ్గరికి రాకముందు ఏం చేశారు

మొదట వెళ్ళింది తాతయ్యకు తెలిసిన లాయర్ దగ్గరికి. భూమి తగాదాల్లో ఆయనకు మంచి పేరుంది. కుటుంబం బాధ విని, అదే రోజు నోటీసు తయారు చేశారు. రెండు కోట్లు అడిగారు. "డబ్బు ఆశతో పెద్దాపరేషన్ ఆలస్యం చేశారు" అని రాశారు. ఆపరేషన్ చేస్తేనే కదా ఆసుపత్రికి ఎక్కువ డబ్బు వచ్చేది! ఆ వాక్యం చదివితేనే, రాసినవాళ్ళకు కాన్పుల గది సంగతి తెలియదని అర్థమైపోతుంది. ఆసుపత్రిలో చేరిన సమయం కూడా తప్పు రాశారు. జవాబులో ఆసుపత్రివాళ్ళు ఆ రెండింటినే పట్టుకున్నారు. అన్నిటికంటే పెద్ద నష్టం, రికార్డులు మన చేతికి రాకముందే కేసు రాబోతోందని వాళ్ళకు తెలిసిపోవడం. కొన్నాళ్ళకు ఆ లాయరే "ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళం, నాకు ఇబ్బంది" అని తప్పుకున్నారు.

తర్వాత అమెరికాలో ఉన్న మేనమామ రంగంలోకి దిగారు. ఇంటర్నెట్‌లో వెతికితే అక్కడి బర్త్ ఇంజురీ లాయర్ల ప్రకటనలు కనిపించాయి. ముందు ఫీజు లేదు, గెలిస్తేనే వాటా. "ఇక్కడ అలా ఉంది కదా, అక్కడ కూడా అలాంటివాళ్ళని పట్టుకోండి" అన్నారు. ఆయన ప్రేమతోనే చెప్పారు, కానీ మన దేశంలో రూల్స్ వేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం ఫలితం మీద ఆధారపడిన ఫీజు, గెలిచిన సొమ్ములో వాటా లాయర్ మాట్లాడుకోకూడదు. ప్రకటనలు ఇచ్చి కేసులు రాబట్టుకోకూడదు. కాబట్టి "నూటికి ఇంత ఇవ్వండి, అంతా నేను చూసుకుంటా" అనేవాళ్ళు మొదటి మాటలోనే నియమం తప్పుతున్నారు. ఈ కుటుంబానికి అలాంటివాడొకడు తగిలాడు. లాయర్ కూడా కాదు, మధ్యవర్తి. ఆసుపత్రితో మాట్లాడి సెటిల్ చేస్తానని, వచ్చినదాంట్లో మూడో వంతు తనకివ్వాలని, ముందుగా కొంత ఖర్చులకివ్వాలని అడిగాడు. తల్లికి నచ్చక ఆపేసింది. ఆ అమ్మాయి తెగువ వల్ల డబ్బు మిగిలింది. అంతకంటే ముఖ్యంగా, ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టే ప్రమాదం తప్పింది.

పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళివచ్చారు. వైద్యుల మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని, కేసు పెట్టే ముందు స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిలో వెళ్తే నెలలు కరిగిపోతాయి, బాబు థెరపీకి ఒక్క రూపాయి రాదు. మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు, కానీ కౌన్సిల్ పరిహారం ఇప్పించలేదు. గడువు దగ్గర పడుతున్నప్పుడు ఉన్న కాస్త ఓపికనీ డబ్బునీ మూడు దారుల్లో పంచితే ఏ ఒక్కటీ పూర్తికాదు. ఆ రెండూ ప్రస్తుతానికి వదిలేద్దామన్నాను.

ముందు కాగితాలు

నేను పెట్టిన మొదటి షరతు ఇది: రికార్డు చేతికొచ్చి, ఒక డాక్టర్ చదివేదాకా ఏ లాయర్‌కీ వకాలత్ ఇవ్వొద్దు. గడువు తరుముకొస్తుంటే ఇదేంటని తండ్రికి కోపం వచ్చింది. ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ రికార్డు లేకుండా కలిస్తే మంచి లాయర్ కూడా "కేసు ఉందో లేదో చెప్పలేను" అంటాడు. అలా అనకుండా వెంటనే ఒప్పుకున్నవాడు చదవకుండానే ఒప్పుకున్నాడని అర్థం. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం కాన్పు సమయంలో జరిగినది కాదు. గర్భంలోనే వచ్చిన సమస్యలు, నెలలు నిండకుండా పుట్టడం, ఇన్‌ఫెక్షన్లు, జన్యు కారణాలు ఎన్నో ఉంటాయి. మన కేసు ఆ తక్కువ మందిలో ఒకటా కాదా అన్నది రికార్డే చెప్పాలి.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి ప్రకారం రోగిగానీ అధికారం ఉన్నవాళ్ళుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు వాటిని భద్రపరచాలి. తల్లి తన కేస్ షీట్ కోసం, తల్లిదండ్రులిద్దరూ సంరక్షకులుగా బాబు రికార్డు కోసం విడివిడిగా దరఖాస్తులు రాశారు. చేతికిచ్చి స్టాంపు వేయించుకున్నారు, స్పీడ్ పోస్టులో కూడా పంపారు. "అన్ని రికార్డులూ ఇవ్వండి" అని రాయనివ్వలేదు. అలా రాస్తే డిశ్చార్జ్ సమ్మరీ ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అడ్మిషన్ నోట్, నర్సుల నోట్స్, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకూ రాసే చార్టు), బిడ్డ గుండె చప్పుడు రాసిన చార్టు, సీటీజీ కాగితాలు (బిడ్డ గుండె చప్పుడును, నొప్పులను యంత్రం గీసే పట్టీలు), మందుల చార్టు, సమ్మతి పత్రాలు, డెలివరీ నోట్, పుట్టిన వెంటనే బిడ్డకు చేసిన చికిత్స నోట్, రిఫరల్ చీటీ అని పేరుపేరునా అడిగాం.

మొదటిసారి నిజంగానే సమ్మరీ ఒక్కటే ఇచ్చారు. రెండో ఉత్తరానికి కేస్ షీట్ వచ్చింది. పార్టోగ్రాఫ్, సీటీజీ "అందుబాటులో లేవు" అని రాసిచ్చారు. తండ్రి డీలాపడ్డాడు. నాకు మాత్రం ఆ ఉత్తరం విలువైనదిగా కనిపించింది. నొప్పుల మందు ఎక్కిస్తూ బిడ్డ గుండె చప్పుడు రికార్డు లేదని ఆసుపత్రే సంతకం పెట్టి ఇచ్చింది కదా. సీటీజీ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ పట్టీలు చాలాచోట్ల థర్మల్ పేపర్ మీద వస్తాయి, కాలం గడిచేకొద్దీ అక్షరాలు, గీతలు వెలిసిపోతాయి. ఎవరి చేతికైనా వస్తే అదే రోజు స్కాన్ చేయించుకోవాలి. ఫైల్లో పెట్టి ఊరుకుంటే కొన్నేళ్ళకు తెల్లకాగితం మిగులుతుంది.

పిల్లల ఆసుపత్రి నుంచి పూర్తి రికార్డు తేలిగ్గానే వచ్చింది. వేరే సంస్థ రాసిన కాగితం కాబట్టి దానికి బరువెక్కువ. కాన్పు చేసిన చోట "బిడ్డ కాస్త ఆలస్యంగా ఏడ్చాడు" అని ఉంటే, ఎన్‌ఐసీయూ అడ్మిషన్ నోట్‌లో బిడ్డ వచ్చినప్పటి స్థితి, రిఫరల్ చీటీలోని ఆప్గార్ స్కోర్ (పుట్టగానే బిడ్డ స్థితికి వేసే మార్కులు), రక్తపరీక్షలో ఆమ్లం ఎంత పెరిగింది, మొదటి ఫిట్స్ ఎన్నింటికి వచ్చాయి, అన్నీ గంటలతో సహా ఉన్నాయి.

ఇక మిగిలింది ఆ రాత్రి ఏ సమయంలో ఏం జరిగిందన్నది. కేస్ షీట్‌లో నొప్పుల మందు ఎప్పుడు మొదలుపెట్టారో స్పష్టంగా లేదు. తల్లిని అడిగాను. "సార్, నాకు టైము గుర్తులేదు, నొప్పి తప్ప ఇంకేం గుర్తులేదు" అంది. "గుర్తు తెచ్చుకోవద్దమ్మా, ఫోన్లు తీయండి" అన్నాను. అమ్మమ్మ అల్లుడికి చేసిన కాల్స్, వాట్సాప్‌లో "సెలైన్ పెట్టారు", "నీరు పచ్చగా ఉందంట" అని పంపిన మెసేజ్‌లు, అన్నింటికీ టైము ఉంది. ఆసుపత్రి మెడికల్ షాపు బిల్లులు అమ్మమ్మ ఒక ప్లాస్టిక్ సంచిలో దాచి ఉంచింది. నొప్పుల మందు ఆక్సిటోసిన్ కొన్న బిల్లు మీద ప్రింటైన సమయం, మెసేజ్ సమయం ఒకదానికొకటి సరిపోయాయి. ఈ కేసుకి వెన్నెముక ఆ బిల్లు. ఫోన్లు మార్చేముందు, చాట్‌లు డిలీట్ చేసేముందు ఆగమని ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను.

చదివిన డాక్టర్లు

ఆ పట్టణంలో, ఆ జిల్లాలో ఏ గైనకాలజిస్టూ నోరు విప్పరు. వాళ్ళని తప్పుపట్టను, రోజూ కలిసి పనిచేసేవాళ్ళు. అందుకే దూరంగా ఉన్న, ప్రాక్టీసు మీద ఆధారపడని వ్యక్తి కోసం చూశాం. ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్రసూతి విభాగం ప్రొఫెసర్‌గా రిటైరైన ఒకామె చదవడానికి ఒప్పుకున్నారు. మొదట అడిగింది చదివి చెప్పమని మాత్రమే, సంతకం కాదు. ఈ తేడా పాటించడం వల్ల డాక్టర్లు భయపడకుండా ఉన్నది చెబుతారు. "కేసు లేకపోతే లేదనే చెప్పండి మేడమ్" అని తల్లితోనే అనిపించాను. మాకు కావలసింది ధైర్యం చెప్పే మాట కాదు.

ఆమె పెద్దాపరేషన్ ఊసే ఎత్తలేదు. నొప్పుల మందు ఇస్తున్నప్పుడు గర్భసంచి మరీ ఎక్కువగా బిగుసుకుంటే మాయ ద్వారా బిడ్డకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. అందుకే ఆ మందు నడుస్తుండగా బిడ్డ గుండె చప్పుడును వీలైతే ఎడతెగకుండా చూస్తూ ఉండాలి. మందు ఇవ్వని మామూలు కాన్పులోనే నొప్పుల దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో 5 నిమిషాలకోసారి వినాలి. ఇక్కడ కొన్ని గంటలపాటు ఒక్క అంకె కూడా లేదు. ఉమ్మనీరు పచ్చగా వచ్చాక కూడా మందు ఆపినట్టు, డాక్టర్‌కి ఫోన్ చేసినట్టు రాయలేదు. "ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పవచ్చు. గుండె చప్పుడు వినక్కర్లేదని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేడు" అన్నారామె. పాత నోటీసు ఎక్కడ బలహీనమో, కొత్త కేసు ఎక్కడ నిలబడాలో నాకు అప్పుడే తేలిపోయింది.

రెండో ప్రశ్న: ఆ నిర్లక్ష్యమే ఈ గాయానికి కారణమా? దీనికి ప్రసూతి డాక్టర్ చాలదు. మరో రాష్ట్రంలోని నవజాత శిశు నిపుణుడు ఎన్‌ఐసీయూ రికార్డు, ఎంఆర్‌ఐ చూశారు. మొదటి రోజే ఫిట్స్ రావడం, రక్తంలో ఆమ్లం బాగా పెరగడం, మెదడు లోపలి భాగాల్లో దెబ్బ కనిపించిన తీరు, తల స్కాన్‌లలో ముందునుంచి ఉన్న లోపమేదీ లేకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే కాన్పు దగ్గరి గంటల్లో జరిగిన నష్టమనడానికి సరిపోతాయన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. కుటుంబం పిల్లల ఆసుపత్రి మీద కూడా కోపంగా ఉంది, ఇలాంటి బిడ్డలకు ఒంటిని చల్లబరిచే చికిత్స ఉందని ఎక్కడో చదివి, అది ఎందుకు చేయలేదని. ఆ చికిత్స పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి, బిడ్డ అక్కడికి చేరేసరికే ఆ సమయం దాటిపోయింది, వాళ్ళ తప్పేం లేదని ఆయన తేల్చారు. దాంతో పిల్లల ఆసుపత్రిని కేసులోంచి తీసేశాం. నిర్దోషిని లాగితే అది అన్యాయం. పైగా మనకు అత్యంత నమ్మకమైన సాక్ష్యం రాసినవాళ్ళని ఎదుటి పక్షంలో నిలబెట్టుకున్నట్టవుతుంది.

లాయర్ కోసం వెతకడం

ఇప్పుడు చేతిలో తారీఖులు, గంటలు వరుసగా రాసిన నాలుగు పేజీల కాగితం, విడిగా పేజీ నంబర్లు వేసిన రికార్డు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం ఉన్నాయి. అప్పుడు లాయర్ వేట మొదలుపెట్టాం.

ముందు తేలాల్సింది ఎక్కడ వేయాలన్నది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనూ వేయవచ్చు. అంటే కాన్పు జరిగిన పుట్టింటి జిల్లాలో వేయాల్సిన అవసరం లేదు, అత్తవారి జిల్లాలో వేయవచ్చు. ఆ ఒక్కదానితో "ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళం" అన్న సమస్య పోయింది. వాయిదాలకు తల్లి బిడ్డని వదిలి దూరం వెళ్ళే బాధా తప్పింది. పెద్ద మొత్తం అడుగుతున్నాం కదా, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలేమో అని తండ్రి అనుమానం. ఇప్పుడు చూసేది అడిగే పరిహారాన్ని కాదు, సేవకు చెల్లించిన సొమ్మును. అది 50 లక్షల లోపుంటే జిల్లా కమిషనే. ఆసుపత్రి బిల్లు లక్షల్లో కూడా లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే కోర్టు ఫీజు కూడా లేదు.

ఉచిత న్యాయసహాయం గురించి కూడా ఆలోచించాం. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హత ఉంది. ఈ తల్లీబిడ్డా ఎటు చూసినా అర్హులే. కానీ ఆ జిల్లా ప్యానెల్‌లో అప్పుడున్నవాళ్ళలో వైద్య కేసులు చేసినవాళ్ళు దొరకలేదు. డాక్టర్‌ని ప్రశ్నించడమే ప్రాణంగా ఉండే కేసు కాబట్టి, కాస్త కష్టమైనా ఫీజు ఇచ్చి పెట్టుకుందామనుకున్నారు. వేరే జిల్లాలో, వేరే ప్యానెల్‌తో అయితే నేను అటే పంపేవాణ్ణి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? ప్రకటనలుండవు. అడిగినవాళ్ళంతా తమ బంధువుల పేరు చెబుతారు. నేను చేసే పని ఒకటుంది. కమిషన్ల ఉత్తర్వులు ఆన్‌లైన్‌లో ఉంటాయి. ప్రతి ఉత్తర్వు మీదా ఎవరి తరఫున ఏ లాయర్ వాదించారో పేరుంటుంది. ఆ ప్రాంతపు వైద్య నిర్లక్ష్యం ఉత్తర్వులు, గెలిచినవీ ఓడినవీ, కూర్చుని చదివాను. ఓడిన కేసుల్లోనూ కొందరి పని తెలిసిపోతుంది: డాక్టర్‌కి రాసిన ప్రశ్నావళి ఎంత లోతుగా ఉంది, నిపుణుడి అఫిడవిట్ వేశారా, లేక ఊరికే తిట్టారా అని. అలా కొద్ది పేర్లు మిగిలాయి.

అందులో ఒకరు రాజధానిలో పేరున్న సీనియర్. కలవడానికే జూనియర్‌తో మాట్లాడాల్సి వచ్చింది. రికార్డు చూడకుండానే పెద్ద అడ్వాన్స్ చెప్పారు. జిల్లా కమిషన్‌కి ఎవరు వస్తారని అడిగితే "ఎవరో ఒకరు వస్తారు" అన్నారు. వద్దనుకున్నాం. ఇంకొకరు మంచి అనుభవజ్ఞుడు, కానీ ఆ నర్సింగ్ హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి అప్పటికే వేరే కేసులు చూస్తున్నారు. అడిగాక ఆయనే చెప్పి తప్పుకున్నారు. అడగకపోతే తెలిసేది కాదు. డాక్టర్ల తరఫున చాలాసార్లు నిజంగా పోరాడేది వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీయే, కాబట్టి ఆసుపత్రితో సంబంధం ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు.

చివరికి ఎంచుకున్నది మధ్యవయసు మహిళా లాయర్‌ని. వైద్య కేసులు కొద్దిగానే చేశారు. ఎక్కువ అనుభవం మోటారు ప్రమాదాల పరిహారం కేసుల్లో. నాకు అది లోటుగా కనిపించలేదు. జీవితాంతం చూసుకోవాల్సిన మనిషికి ఏటా ఎంత ఖర్చవుతుందో, వైకల్యం శాతాన్ని ఎలా నిరూపించాలో ఆ కేసులు చేసేవాళ్ళకు చేతివేళ్ళ మీద ఉంటుంది. ఆమె రికార్డు ఒక వారం తీసుకుని చదివారు. తిరిగి వచ్చినప్పుడు తల్లితో ముందు చెప్పింది బలహీనతల గురించి. "మీరు పంపిన మొదటి నోటీసు మనకే ఎదురొస్తుందమ్మా. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. గెలుస్తామని నేను చెప్పను." ఆ మాట విన్నాక తండ్రి బయటికొచ్చి "ఈమే" అన్నాడు. ఫీజు దశలవారీగా కాగితం మీద రాసుకున్నారు. వాదనకు తానే వస్తానని కూడా అందులో ఉంది. ఒరిజినల్స్ కుటుంబం దగ్గరే ఉంచుకుని కాపీలు ఇచ్చారు.

కేసు నడిచిన తీరు

గడువుకి కొన్ని వారాల ముందే ఫిర్యాదు దాఖలైంది. పాత నోటీసు గురించి దాచలేదు: రికార్డు అందక ముందు, తెలియక రాసినదని ఫిర్యాదులోనే చెప్పారు. ఆరోపణ ఒక్కటే ఉంచారు: నొప్పుల మందు ఇస్తూ బిడ్డ గుండె చప్పుడు చూడకపోవడం, ఉమ్మనీరు పచ్చబడినా స్పందించకపోవడం. బాబు, తల్లిదండ్రులు అందరూ ఫిర్యాదుదారులే. బిడ్డకు వేరుగా, తల్లిదండ్రులకు వేరుగా పరిహారం ఇవ్వవచ్చని 1998 స్ప్రింగ్ మెడోస్ తీర్పు నుంచీ ఉంది.

నిపుణుల అఫిడవిట్ అవసరమా అన్న చర్చ వచ్చింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే. అయినా మేం వేశాం. గుండె చప్పుడు చూడలేదన్నది మామూలు మనిషికి కూడా అర్థమవుతుంది. దానివల్లే మెదడు దెబ్బతిందన్నది డాక్టర్ చెబితేనే నిలుస్తుంది. అప్పటికే చదివి ఉన్నారు కాబట్టి రిటైర్డ్ ప్రొఫెసర్ సంతకానికి ఒప్పుకున్నారు. మొదటి రోజే సంతకం అడిగి ఉంటే ఒప్పుకునేవారు కాదని ఆమే తర్వాత నాతో అన్నారు.

పరిహారం లెక్క కోసం బాబుకి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీయించాం. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, మందులు, కాలి పట్టీలు, తల్లి వదిలేసిన ఉద్యోగం, ఒక్కోటీ రసీదులతో. నెలలు నిండకుండా పుట్టి చూపు కోల్పోయిన పాప విషయంలో తమిళనాడు ప్రభుత్వం మీద వి. కృష్ణకుమార్ వేసిన కేసులో 2015లో సుప్రీంకోర్టు ముందు ముందు పెరిగే ధరలను కూడా లెక్కలోకి తీసుకుంది. మా లాయర్ ఆ పద్ధతినే అనుసరించారు. అంకె రెండు కోట్ల కంటే తక్కువే వచ్చింది, కానీ ప్రతి రూపాయికీ ఒక కాగితం ఉంది.

మధ్యలో మీడియేషన్‌కి (రాజీ చర్చలకు) పంపారు. ఆసుపత్రి ఒక మొత్తం ఇస్తామంది. ఆ రాత్రి ఇంట్లో చాలా టెన్షన్ నడిచింది. థెరపీ అప్పులు ఉన్నాయి, తీసుకుందామన్నవాళ్ళున్నారు. లాయర్ ఒక లెక్క వేసి చూపించారు: ఆ డబ్బు బాబుకి ఎన్నేళ్ళకు సరిపోతుందని. పట్టుమని నాలుగేళ్ళు కూడా రాదు. తల్లి వద్దంది.

చట్టంలో రాసిన నెలల గడువులు ఎప్పుడో దాటిపోయాయి. ఉత్తర్వు వచ్చేసరికి బాబుకి ఐదో ఏడు నడుస్తోంది. పార్టోగ్రాఫ్ లేకపోవడాన్ని, మెడికల్ షాపు బిల్లు సమయాన్ని కమిషన్ ప్రధానంగా తీసుకుంది. అడిగినదాంట్లో సగానికి పైగా మంజూరైంది. బాబు వాటాలో పెద్ద భాగం జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేసి, వడ్డీ థెరపీకి వాడుకోమంది. ఆసుపత్రి అప్పీలు చేసింది. అప్పీలు తీసుకోవాలంటే సగం సొమ్ము ముందు జమ చేయాలని చట్టంలో ఉంది, చేశారు.

ఈ కేసు నుంచి మా పనిలో మారినవి

ఇప్పుడు మేం ఏ కుటుంబానికైనా లాయర్ పేరు చెప్పేముందు రికార్డు దరఖాస్తు రాయిస్తాం. నోటీసు చివర్లో. ఒక లాయర్‌ని కలవడానికి వెళ్ళేవాళ్ళకు ఇచ్చే మాట కూడా మార్చాం: "గెలుస్తామా" అని అడగవద్దని, "మా కేసులో ఏది బలహీనం" అని అడగమని. దానికి సమాధానం చెప్పలేనివాళ్ళు ఇంకా చదవలేదని అర్థం.

డాక్టర్ చదివాక కేసు లేదని తేలిన కుటుంబాలూ ఉన్నాయి. ఒక బిడ్డకు కారణం గర్భంలోనే వచ్చిన ఇన్‌ఫెక్షన్ అని తెలిసింది. ఆ తల్లి చాలాసేపు ఏడ్చి, "అయితే నా వల్లా కాదు, వాళ్ళ వల్లా కాదు కదా" అంది. ఆ జవాబు కూడా వాళ్ళకు కావాలి. వాళ్ళని వెంటనే జిల్లా ముందస్తు చికిత్స కేంద్రానికి, సదరం క్యాంపుకి పంపాం. కేసు ఉన్నా లేకున్నా బిడ్డకు థెరపీ ఆగకూడదు. కేసు గెలిచినవాళ్ళకీ ఇదే చెబుతాం, ఎందుకంటే కేసు ఏళ్ళు పడుతుంది, బిడ్డ మెదడు నేర్చుకునే వయసు ఆగదు.

న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ రెండు నంబర్లు మా కార్యాలయం తలుపు మీద రాసి ఉంచాం. ఈ కుటుంబం అప్పీలు కోసం ఇప్పుడు న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకుంది. జిల్లా కమిషన్‌లో వాదించిన లాయరే ఫైల్ అప్పగించి, రికార్డు ఎలా చదవాలో కొత్త లాయర్‌కి రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పారు.